నేను క్యాంపుకు తీసుకెళ్ళిన డైరీ

నా చెక్క అల్మారాలో డైరీలు వరుసగా పేర్చి ఉంటాయి. ఉద్యోగంలో చేరిన ఏడాది మొదలుకొని నిన్నటి దాకా ఏ ఒక్క రోజూ వదలకుండా రాశాను. వరుసలో ఒక్క సంవత్సరానిది లేదు. ఇప్పుడు చెప్పబోయేది ఆ సంవత్సరం సంగతే కాబట్టి తేదీలు ఇవ్వలేను. రెండువేలు దాటిన తొలి సంవత్సరాల్లో ఒకటి, నేను రిటైరయిన తరువాత వచ్చిన రెండో వేసవి అని మాత్రం గట్టిగా చెప్పగలను. మిగతాదంతా జ్ఞాపకం మీద రాస్తున్నాను. అది నాకు అలవాటు లేని పని.

మాది కుసుమంచి దగ్గర పల్లె. టీచరుగా బదిలీ మీద మణుగూరు అవతలి అడవి ఊరికి వెళ్ళి, అక్కడే ఇరవై రెండేళ్ళు పనిచేశాను. రిటైరయ్యాక తిరిగి వెళ్ళాలనే అనుకున్నాం కానీ నా భార్యకు ఆ నీళ్ళు, ఆ మనుషులు అలవాటైపోయారు. ఏజెన్సీలో గిరిజనులు కాని మాలాంటి వాళ్ళు ఇల్లు కొనకూడదు కనుక, అప్పటి దాకా కిరాయికి ఉన్న పెంకుటింట్లోనే ఉండిపోయాం.

ఏటా డిసెంబరులో మణుగూరు వెళ్ళి డైరీ కొనుక్కునేవాణ్ణి. వాన ఎంత పడిందో పెరట్లో పెట్టిన డబ్బాలో కొలిచి రాసేవాణ్ణి. బస్సు ఏ వేళకు వచ్చింది, ఎవరి చేనులో దుక్కి మొదలైంది, ఎవరికి జ్వరం తగిలింది, ఎవరింటికి చుట్టాలొచ్చారు, మేం ఏం వండుకున్నాం, ఇవీ నేను రాసుకునేవి. అన్నీ ఊరందరికీ తెలిసినవే. అందుకే ఆ పుస్తకం దాచవలసిన వస్తువని ఏనాడూ అనుకోలేదు. కిటికీ గూట్లో ఉండేది. ఎవరైనా వచ్చి "సారూ, మా బర్రె ఈనింది ఎప్పుడో సూడు" అంటే తీసి చెప్పేవాణ్ణి.

ఊరికి నాలుగు కిలోమీటర్ల అవతల, తారు రోడ్డు మలుపులో పోలీసు క్యాంపు ఉండేది. ఇసుక బస్తాలు, ముళ్ళ తీగ, ఒక రేకుల షెడ్డు. అది వచ్చిన కొన్నాళ్ళకు ఊళ్ళో పనులన్నీ దాన్నిబట్టి జరగడం మొదలైంది. శనివారం శనివారం మగవాళ్ళంతా అక్కడికి నడిచి వెళ్ళి హాజరు పలకాలి. ఎవరైనా రాకపోతే ఎందుకు రాలేదో అడగడానికి ఆదివారం జీపు వచ్చేది. మణుగూరు సంత నుంచి బియ్యం తెచ్చుకుంటే సంచి విప్పించి, ఇంట్లో ఎంతమంది, ఇంత బియ్యం దేనికని అడిగేవారు. టార్చిలైటు బ్యాటరీలు రెండు మించి కొనకూడదు. జ్వరం గోలీలు ఒక్క అట్టకు మించి కనిపిస్తే దవాఖానా చీటీ చూపించాలి. ఒకసారి పెళ్ళి సామాను మోసుకొస్తున్న ఒకాయనను పెళ్ళికూతుర్ని చూపించమన్నారట. "ఆమెకు పిలగాణ్ణే ఇంకా సూపియ్యలే సారూ, నీకెట్ల సూపియ్యాలె?" అన్నాడట ఆయన. వారం రోజులు ఊరంతా ఆ మాట చెప్పుకుని నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు. ఆ మాటకు సాయంత్రం దాకా ఎండలో కూర్చోబెట్టారు.

లోపలి వాళ్ళు, అంటే అడవిలో తుపాకులు పట్టుకుని తిరిగేవాళ్ళు, వచ్చినప్పుడు వాళ్ళూ అడిగేవారు. క్యాంపుకు ఎవరు ఎక్కువ పోతున్నారని. ఎవరేం అడిగినా "ఎరకలే", అంటే తెలియదు, అనడం ఊళ్ళో పిల్లలకు కూడా వచ్చేసింది.

నాకు శనివారం హాజరు లేదు. పెన్షనరునని, పెద్దవాణ్ణని వదిలేశారు. ఎప్పుడైనా ఆ దారిన వెళ్తే పిలిచి కుర్చీ వేసేవారు. అది నాకు కొంచెం గొప్పగానే ఉండేదని ఇప్పుడు ఒప్పుకోవాలి.

మా పక్కింటాయన కోయ మనిషి. ముప్ఫై ఏళ్ళుంటాయి. కింది తరగతుల్లో నా దగ్గరే చదివి, మూడో తరగతిలో మానేశాడు. పోడు చేను, రెండు ఎడ్లు, ఇప్పపువ్వు, తునికాకు, వాటితోనే బతుకు. ఆయన భార్య మాట కరుకు, చెయ్యి చల్లన. వాళ్ళ ఇంటికి ఎప్పుడూ ఎవరో ఒకరు వస్తూనే ఉండేవారు.

ఆ ఊరి మర్యాద ఒకటి ఇక్కడ చెప్పాలి. కోయవాళ్ళలో గట్లుంటాయి. మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు అంటారు. ఒక్క గట్టు వాళ్ళంతా అన్నదమ్ముల లెక్క. వేరే గట్టయితే వియ్యమందుకోవచ్చు. ముఖం తెలియని మనిషి వాకిట్లోకి వచ్చినా ముందు చెంబుతో నీళ్ళిస్తారు. తరువాత "ఏ గట్టు?" అని అడుగుతారు. దాన్నిబట్టి అన్న అనాలో బావ అనాలో తేలిపోతుంది. అంతే, మంచం వాలుస్తారు. పేరు అడగరు. అన్నం పెట్టే ముందు పేరు అడగడమంటే వచ్చినవాణ్ణి అనుమానించినట్టు. వచ్చినాయన తనంతట తాను చెప్పుకుంటే వింటారు, లేకుంటే లేదు. నేను ఆ ఊరికి వచ్చిన కొత్తలో ఇదేం పద్ధతని వింతపడ్డాను. తరువాత నాకూ అలవాటైంది.

ఆ వేసవి చివర్లో క్యాంపుకు అవతల రోడ్డు మీద ఎవరో పట్టపగలే చెట్లు నరికి అడ్డంగా పడేశారు. రెండు రోజులు బస్సు రాలేదు. మూడో రోజు ఉదయం జీపు వచ్చి పక్కింటాయన ఇంటి ముందు ఆగింది. ఆయన ఎడ్లకు నీళ్ళు పెడుతున్నాడు. తొట్టి దగ్గర నుంచే ఎక్కించుకుపోయారు. చెట్లు నరికినవాళ్ళలో ఆయన ఉన్నాడని ఎవరో చెప్పారట.

జీపు మలుపు తిరగక ముందే ఆయన భార్య మా వాకిట్లో నిలబడింది.

"సారూ, ఆ దినం మా ఆయన యాడున్నడో నీ బుక్కుల సూడు."

నాకు చూడకుండానే గుర్తొచ్చింది. ఆ రోజు ఆయన మా ఇంటి మీదే ఉన్నాడు. కోతులు పెంకులు కదిల్చేస్తే, వానలకు ముందు సర్దించుకోవాలని పిలిచాను. పుస్తకం తీసి చూపించాను. నా చేతివ్రాతలోనే ఉంది. ఫలానా రోజు పొద్దున ఏడింటి నుంచి పొద్దుగూకే దాకా పక్కింటాయన పెంకులు సర్దాడు, నలభై పెంకులు పగిలాయి, మధ్యాహ్నం మా ఇంట్లోనే దోసకాయ పప్పుతో తిన్నాడు.

ఆమెకు చదువు రాదు. ఆ వరుస మీద వేలు పెట్టి, "గిదేనా? గిది మా ఆయనేనా?" అని రెండుసార్లు అడిగింది. అవునన్నాను. ఇన్నేళ్ళు ఆ ఊళ్ళో పిల్లలకు నేను చెప్పిన మాట ఒకటే, రాసి ఉన్నదాన్ని ఎవరూ కాదనలేరని. ఆ మాట రుజువయ్యే రోజు వచ్చిందనుకున్నాను. చొక్కా మార్చుకున్నాను.

నా భార్య అడ్డుపడింది.

"ఏందయ్యా, మొత్తం బుక్కు పట్టుకపోతున్నవ్? ఆ నాలుగు వరుసలు కాయితం మీద రాసియ్యి."

"విడి కాగితానికి విలువ లేదు. ఇప్పుడు కూర్చుని రాశాననుకుంటారు. ముందు వెనక పేజీలు ఉంటేనే అది ఆ రోజు రాసినట్టు లెక్క."

"లెక్క నీకు. వాళ్ళకు కాదు."

"నీకు తెలియదు, ఊరుకో" అన్నాను. ఆమె ఊరుకుంది. ఆ తరువాత ఎన్నడూ ఆ విషయం ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

క్యాంపులో ఎప్పటిలాగే కుర్చీ వేశారు. షెడ్డు పక్కన గోడ నీడలో పక్కింటాయన గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఆయన భార్యను గేటు అవతలే ఆపేశారు. నన్ను చూసి ఆయన లేవబోతే కానిస్టేబులు భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు.

ఎస్సై కొత్తగా వచ్చినవాడు. ఈ జిల్లా వాడు కాదు. నా పేజీ రెండుసార్లు చదివాడు.

"బాగుంది మాస్టారూ. నలభై పెంకులు అని కూడా రాశారే! మీలాంటి వాళ్ళు ఊరికొకరుంటే మాకింత పనుండదు."

నాకు సంతోషం కలిగింది. దాచను. అతను మర్యాదగానే ఒక పేజీ వెనక్కి తిప్పాడు. తరువాత ఇంకొకటి. వద్దనాలని నాకు తోచలేదు. నా డైరీని అంత శ్రద్ధగా చదివినవాళ్ళు అప్పటిదాకా ఎవరూ లేరు. పది పన్నెండు పేజీలు వెనక్కి వెళ్ళి ఆగాడు.

"పక్కింటికి నలుగురు చుట్టాలు. గోదావరి అవతలి వాళ్ళట. రెండు రోజులున్నారు. మన ఇంటి పెద్ద గిన్నె అడిగి తీసుకెళ్ళారు" అని పైకి చదివాడు. "ఎవరు మాస్టారూ వీళ్ళు?"

"వాళ్ళ చుట్టాలండి. పెళ్ళి మాటలకు పోతూ ఆగారు."

"పేర్లు?"

నాకు తెలియదన్నాను. గోడ దగ్గరి మనిషిని పిలిపించాడు.

"ఎవర్రా ఆ నలుగురు?"

"ఐదో గట్టోళ్ళు సారూ."

"పేర్లడిగాను."

"పేర్లు ఎరకలే."

"రెండు రోజులు అన్నం పెట్టావు. పేర్లు తెలీదా?"

"మేము అడగం సారూ."

ఎస్సై నా వైపు తిరిగాడు. నేను గట్ల సంగతి వివరంగా చెప్పాను. క్లాసులో చెప్పినట్టు, ఏ గట్టుకు ఏ గట్టు వియ్యమవుతుందో కూడా చెప్పాను. అతను మధ్యలో ఆపకుండా విన్నాడు.

"అర్థమైంది. మరి నలుగురికి పెద్ద గిన్నె దేనికి? ఎంత పడుతుంది అందులో?"

"ఇరవై మందికి వండుకోవచ్చు" అని నోరు జారాను. జారడమేమీ కాదు. అడిగాడు, నిజం చెప్పాను.

"జావ కాసినం సారూ, ఇంట్ల గిన్నెకు బొక్క పడ్డది" అన్నాడు పక్కింటాయన. అది కూడా నిజమే. కానీ ఆ గిన్నెకు బొక్క పడిన సంగతి నా డైరీలో లేదు.

ఎస్సై పుస్తకం మూసి బల్ల మీద పెట్టుకున్నాడు. "రెండు రోజులుంచండి మాస్టారూ, చూసి పంపిస్తాను" అన్నాడు. రసీదు అడుగుదామనుకున్నాను. అడిగితే అతణ్ణి నమ్మనట్టు అవుతుందని మొహమాటపడ్డాను. గేటు దగ్గర ఆయన భార్య, "ఇడుస్తున్నరా?" అంది. "రెండు రోజుల్లో" అన్నాను. ఆ రెండు రోజులు ఎస్సై అన్నది పుస్తకానికి, మనిషికి కాదు.

పుస్తకం రాలేదు, మనిషీ రాలేదు. మరుసటి వారం నుంచి ఊళ్ళోవాళ్ళను ఒక్కొక్కరినే పిలవడం మొదలుపెట్టారు. ఫలానా రోజు మీ తమ్ముడు మూడు రోజులు ఊళ్ళో లేడట, ఎక్కడికి పోయాడు? ఫలానా రోజు మీ ఇంట్లో మేక కోశారట, ఎందరు తిన్నారు? ఏ దేవుడికి? వాళ్ళు తిరిగి వచ్చి నన్నేమీ అనలేదు. అన్నీ నేను రాసినవేనని అందరికీ తెలుసు. దారిలో ఎదురైతే తల వంచుకుని, "బాగున్నవా సారూ" అని వెళ్ళిపోయేవారు. బడి పక్కనుండే ముసలామె ఒక్కతే మనసులో పెట్టుకోకుండా అరిచింది. నేను బోరింగు దగ్గర నీళ్ళు పట్టుకుంటుంటే, పదిమంది ముందు, "ఓ సారూ, ఇయ్యాల నేను గంజి తాగిన! రెండు ముంతలు! రాసుకో, మల్ల మర్శిపోతవ్!" అంది. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నవ్వాలా వద్దా అని నేను బిందె వైపు చూస్తూ నిలబడ్డాను.

పుస్తకం కోసం నాలుగుసార్లు వెళ్ళాను. మొదటిసారి చదువుతున్నామన్నారు. రెండోసారి పై ఆఫీసుకు పోయిందన్నారు. మూడోసారి ఎస్సై బదిలీ అయ్యాడు, కొత్తాయనకు తెలియదన్నారు. నాలుగోసారి కుర్చీ వేయలేదు. "ఏ డైరీ? రసీదు ఉన్నదా?" అన్నాడు గేటు దగ్గరి కానిస్టేబులు. లేదన్నాను. "మరి ఏం డైరీ పెద్దాయనా? ఇంట్లనే ఎతుక్కో" అన్నాడు. పాపం, అతను కొత్తవాడు. తెలియకే అన్నాడేమో.

ఈలోగా పక్కింటాయనను జైలుకు పంపారు. కేసు కాగితాలు చేతికి వచ్చాక చూస్తే అందులో రోడ్డు లేదు, చెట్లు లేవు. లోపలి వాళ్ళకు అన్నం పెట్టి ఆశ్రయమిచ్చాడని మాత్రమే ఉంది. అంటే ఆయన మా ఇంటి మీద ఉన్న రోజుతో కేసుకు పనే లేదు. నేను ఏ పేజీ కోసం పుస్తకం మోసుకెళ్ళానో అది ఎవరికీ అక్కరలేదు. ఎవరూ అడగని పేజీ ఆయనను జైల్లో వేసింది.

ఆయన భార్యను తీసుకుని రెండు బస్సులు మారి వకీలు దగ్గరికి వెళ్ళాను. ఆయన మంచి మనిషి, ఓపికగా విన్నాడు.

"మీ డైరీ స్వాధీనం చేసుకున్నట్టు వాళ్ళ కాగితాల్లో ఎక్కడా లేదు. కాబట్టి కోర్టు వరకు అలాంటి డైరీ లేదు. మిమ్మల్ని సాక్షిగా పెట్టినా పెద్ద గిన్నె దగ్గరికే లాక్కొస్తారు" అన్నాడు. తరువాత ఆమె వైపు తిరిగాడు. "ఒక్కటే దారి ఉందమ్మా. ఆ నలుగురిలో ఒక్కడు వచ్చి, నేను ఫలానా, నాది ఫలానా ఊరు, పెళ్ళి మాటలకు పోతూ ఆగాను, నేను సేద్యం చేసుకునేవాణ్ణి అని చెప్తే చాలు. ఈ కేసు నిలవదు."

ఆమె ఒక్కటే అడిగింది. "వస్తే ఆయిన్ని ఏం జెయ్యరా?"

వకీలు కాసేపు కాగితాలు సర్దుకున్నాడు. "అది నేను చెప్పలేనమ్మా" అన్నాడు.

అప్పటికి వానలు పడ్డాయి. పోడు దున్నడానికి ఊళ్ళోవాళ్ళు తలా ఒక పూట వచ్చారు. విత్తనాలు వేసిన మర్నాడు ఆమె మూట కట్టుకుని గోదావరి అవతలికి బయలుదేరింది. పేర్లు తెలియవు. గట్టు తెలుసు, వాళ్ళు వెళ్ళింది ఏ ఊరి పిల్లను అడగడానికో తెలుసు. ముందు ఆ పిల్ల వాళ్ళ దగ్గరికి పోయి, అక్కడి నుంచి వెనక్కి అడుగుతూ పోతానంది. క్యాంపు వాళ్ళు అన్ని రోజుల్లో తెలుసుకోలేనిది ఆమె ఎట్లా తెలుసుకుంటుందని నాకు అనుమానం. వెంట వస్తానంటే వద్దంది. తొమ్మిది రోజులకు తిరిగి వచ్చింది. ఆ తొమ్మిది రోజులూ నాకు తిండి సహించలేదు. ఒక్క మనిషి దొరికితే చాలు, ఆయన ఇంటికి వస్తాడు, నేను చేసింది కొంతైనా చెరిగిపోతుంది, ఇదే ఆలోచన.

ఆమె వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. తిన్నగా మా ఇంటికే వచ్చి అరుగు మీద కూర్చుంది. పాదాలు పగిలి ఉన్నాయి. నా భార్య అంబలి ఇచ్చింది. ఆమె మొత్తం తాగేసింది.

"దొరికిండ్రా?" అంది నా భార్య చివరికి.

"దొరికిండు. అందరి కంటె పెద్దాయన. పిలగాని మేనమామ."

నేను లేచి నిలబడ్డాను. "ఏమన్నాడు? వస్తానన్నాడా?"

"అవ్. ముచ్చట సెప్పంగనే కండువా ఏసుకున్నడు. పా అమ్మా, మీ బువ్వ తిన్న, నేను సెప్తా అన్నడు. నాతోని రేవు దాక వచ్చిండు."

"మరి ఎక్కడ?"

"పడవ కాడికెల్లి మర్లగొట్టిన."

ఆమె ఖాళీ గిన్నె నేల మీద పెట్టి, దాన్నే చూస్తూ చెప్పింది.

"ఆయినింట్ల ఇద్దరాడపిల్లలు సారూ. పెండ్లాం సచ్చిపోయింది. ఆయినొస్తే ఈయన్ని ఇడుస్తరో లేదో గని, ఆయిన్ని పట్టుకుంటరు. మా ఇంట్ల తిన్నోణ్ణి నేను సెయ్యి పట్టుకొచ్చి ఒప్పజెప్తానా? జైల్ల మా ఆయన్ని ముందుగాలనే అడిగిన. దొరికితే ఏం జేద్దామని. నీకు తెల్వదా అన్నడు. గంతే."

"ఇంకో దారి లేదమ్మా" అన్నాను. "కనీసం ఆయన వాంగ్మూలం కాగితం మీద రాయించి, వేలిముద్ర వేయించి..."

ఆమె తలెత్తి నన్ను చూసింది. కోపం లేదు. అలసట ఉంది.

"ఆయన పేరు అడిగావా?" అన్నాను.

"అడిగిన. పుట్టి బుద్దెరిగి మొదటిసారి సుట్టపోని పేరడిగిన."

"ఏం పేరు?"

నా భార్య గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె నా భార్య వైపు ఒకసారి చూసి, కొంగు దులుపుకుని లేచింది.

"వద్దులే సారూ" అంది. "నీకెందుకు."

మూట తీసుకుని వాళ్ళ వాకిట్లోకి పోయింది. ఎడ్లకు నీళ్ళు పెట్టే చప్పుడు వినిపించింది. ఆమె భర్త ఆ తరువాత ఇంకా రెండు వానాకాలాలు జైల్లోనే ఉన్నాడు.